తడిగుడ్డ

ఆ ఇంట్లో ఇద్దరు కోడళ్ళు. పెద్దకోడలికి నలభై దాటాయి. చిన్నకోడలికి ఇంకా ముప్పై రాలేదు. తోడికోడళ్ళు సఖ్యంగా ఉంటే చుట్టాలకు పొద్దుపోదు. వీళ్ళ విషయంలో చుట్టాలు నిజంగానే విసిగిపోయారు. ఒకరి మీద ఒకరికి నాలుగు మాటలు ఎక్కించిపోదామని వచ్చినవాళ్ళు టీ తాగి, చప్పబడి వెళ్ళిపోయేవారు. చిన్నకోడలు పెళ్ళయి వచ్చిన కొత్తలో వంటగదిలో బిక్కమొహం వేసుకుని నిలబడితే, పెద్దకోడలు ఆ పిల్ల చేతిలో గరిటె అందుకుని, నీకు రాకపోతే నేను చేస్తాను, నాకూ రాకపోతే ఇద్దరం కలిసి పస్తుందాం అన్నదట. అప్పటినుంచి ఆ పిల్లకు అక్క మాటే వేదం.

పెద్దకోడలు చాలా ఏళ్ళు ఒక ఫర్నిచర్ దుకాణంలో పాలిష్ పని చేసింది. చెక్క మీద ఆమె చెయ్యి తిరిగితే అందులో మొహం చూసుకోవచ్చు అనేవారు. దుకాణం మూతపడ్డాక ఇంట్లో కూర్చోలేకపోయింది. రేవు పక్కన పడవలు చేసే యార్డు వాళ్ళు ఫైబర్ అచ్చుల పని నేర్పిస్తున్నారనీ, పని పట్టుబడినవాళ్ళను అక్కడే ఉంచుకుంటారనీ ఎవరో చెబితే వెళ్ళి చేరింది. చేరుతూ చేరుతూ, ఇంట్లో గోళ్ళు కొరుక్కుంటూ కూర్చున్న చిన్నకోడలిని కూడా లాక్కుపోయింది. నాకెందుకక్కా, నాకేం వచ్చు అని ఆ పిల్ల బస్సెక్కేదాకా గొణుగుతూనే ఉంది.

నేర్పే మాస్టారు పొట్టిగా, గొంతు బొంగురుగా ఉండేవాడు. రెజిన్ జిగురు పట్టిపట్టి ఆయన వేళ్ళ చివర్లు గాజులా మెరిసేవి. మొదటిరోజే అందరినీ కూర్చోబెట్టి, మీరు నేర్చుకునేది పడవ చేయడం కాదు, పడవలకు అమ్మను చేయడం అన్నాడు. ముందు చెక్కతో, పుట్టీతో పడవ ఆకారంలో నమూనా చెయ్యాలి. దాన్ని నీళ్ళు చల్లుతూ గరుకు కాగితంతో రుద్ది రుద్ది అద్దంలా చెయ్యాలి. దాని మీద జెల్ కోట్ అనే నున్నటి పైపూత పూసి, ఫైబర్ పొరలు పరిచి, రెజిన్‌తో తడిపి, గట్టిపడ్డాక ఊడదీస్తే అదే అచ్చు. ఆ అచ్చులోంచి ఎన్ని పడవలైనా పుడతాయి. నమూనా మీద వెంట్రుక పడి ఉంటే ప్రతి పడవకూ ఆ వెంట్రుక ఉంటుంది అని ఆయన రోజుకొకసారైనా అనేవాడు.

అన్నిటికన్నా గండం మైనం దగ్గర. నమూనాకు మైనం పట్టించి, ఆరనిచ్చి, తుడిచి, మళ్ళీ పట్టించి, ఇలా పొర మీద పొర వెయ్యాలి. ఎక్కడైనా మైనం లేకపోతే అచ్చు అక్కడ నమూనాను కరుచుకుంటుంది. ఇక విడదీయడమంటూ ఉండదు, రెండూ విరగాల్సిందే. ఆ పని పెద్దకోడలికి పుట్టుకతో వచ్చినట్టే వచ్చింది. యార్డులో ఆమెను మైనమక్క అని పిలవడం మొదలుపెట్టారు. చిన్నకోడలి చెయ్యి వేరే దాంట్లో తిరిగింది. ఫైబర్ పరిచి రోలర్ తిప్పితే లోపల గాలిబుడగ మిగిలేది కాదు. ఇంట్లో చపాతీ గుండ్రంగా రానిదానివి, ఇక్కడ మాత్రం కర్ర తెగ తిప్పుతున్నావే అని పెద్దకోడలు ఆటపట్టించేది. ఇద్దరికీ కలిపి చివరి పరీక్షగా ఒక చిన్న పడవ అచ్చు ఇచ్చారు. బడిపిల్లలను ఏరు దాటించే రకం. వెనక మూలలు లోతుగా, కోసుగా ఉంటాయి. కష్టమంతా ఆ మూలల్లోనే ఉంది.

ఆ అచ్చు సగంలో ఉండగా అత్తగారు స్నానాలగదిలో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేశారు గానీ మంచం దిగడానికి నెలలు పడుతుందన్నారు. చిన్నకోడలి భర్త లారీ తోలుతూ వారాల తరబడి బయటే ఉంటాడు. పగలు చూసుకోవడానికి ఒకావిడను పెట్టారు, కానీ అత్తగారికి ఆవిడ చెయ్యి పడలేదు. నన్ను మూటలా దొర్లిస్తోంది అని రోజూ ఫిర్యాదే.

పెద్దకోడలి భర్త వాచీలు బాగుచేస్తాడు. నోట్లో నాలుక లేని మనిషి అంటారందరూ. వద్దు, కుదరదు అన్న మాటలు ఆయన నోట ఎవరూ వినలేదు. నేను మానేసి అత్తయ్యను చూసుకోనా అని పెద్దకోడలే ఒకసారి అడిగింది. ఆయన వాచీ మీదనుంచి తలెత్తకుండా, నీ ఇష్టం, నేర్చుకుంటున్నావుగా, ఎలాగో అవుతుందిలే అన్నాడు. ఆమె ఆ మాటను మాటగానే తీసుకుంది. ఇలాంటి భర్త దొరకడం అదృష్టమని బస్సులో చిన్నకోడలితో అన్నది కూడా. చిన్నకోడలు కిటికీలోంచి బయటికి చూస్తూ ఊఁ కొట్టింది.

జెల్ కోట్ పూయాల్సిన రోజు వచ్చింది. ముందురోజు సాయంత్రానికే పెద్దకోడలు ఆఖరి మైనం పొర తుడిచింది. మూలల్లోకి వేలికి గుడ్డ చుట్టి మరీ వెళ్ళింది. పొద్దున్న వచ్చి మరోసారి దీపం పట్టుకుని చూసుకుంది. బాగుంది. చేతిలో దీపం ఇంకా ఉండగానే ఫోన్ మోగింది. అమ్మకు నొప్పి ఎక్కువైంది, మూలుగుతోంది, నాకు కాళ్ళూ చేతులూ ఆడటం లేదు అన్నాడు భర్త. ఆమె చిన్నకోడలికి బ్రష్ అందించి, పొడిగుడ్డతో దుమ్ము దులిపి పూసేయమని చెప్పి, పరుగున వెళ్ళిపోయింది. ఇంటికెళ్ళేసరికి అత్తగారు హాయిగా నిద్రపోతోంది. ఇప్పుడే మాత్ర వేశాను, సర్దుకుంది అన్నాడు భర్త. మర్నాడు ఆమె యార్డుకు వెళ్ళి చిన్నకోడలు మిగిలిన పొరలన్నీ పరుస్తుంటే పక్కనుండి ఫైబర్ అందించింది. ఏదో తేడా ఉందని ఆమెకు తోచనే లేదు.

అచ్చు ఊడదీసే రోజున యార్డంతా చుట్టూ మూగింది. అంచుల్లో చెక్క చీలలు దిగగొట్టారు, గాలి పంపారు, రబ్బరు సుత్తితో తట్టారు. ముందు భాగం లేచింది. పక్కలు లేచాయి. వెనక కుడి మూల మాత్రం పట్టుకుని కూర్చుంది. మాస్టారు ఇంకో చీల దించాడు. పెళ్ళుమని అచ్చు నిలువునా పగిలింది. నమూనాలోంచి పుట్టీ, చెక్క పెళ్ళలు పెళ్ళలుగా లేచి అచ్చుతోపాటే వచ్చేశాయి.

"మూలకు మైనం ఎవరు పెట్టారు?" అని అడిగాడు మాస్టారు, ఎవరో తెలిసి కూడా.

"నేనే పెట్టాను" అన్నది పెద్దకోడలు.

"అక్కడ మైనం లేదమ్మా."

ఆమె వంగి ఆ మూలను వేలితో తడిమింది. పెట్టానని తనకు తెలుసు. కానీ ఆ వారాల్లో తన మనసు సగం ఇంటి దగ్గర, అత్తగారి మంచం దగ్గర ఉన్న మాటా నిజమే. చూశాననుకుని చూడలేదేమో. ఎదురుగా పగిలిన అచ్చు ఉంది, ఇంకేం వాదించగలదు? తప్పు నాదే అన్నది. అంతటితో ఊరుకోలేదు. పొరలు పరిచింది మా చెల్లెలు, ముక్కల్లో చూడండి, ఒక్క బుడగన్నా ఉందేమో, నా తప్పుకు దాని పని పోగొట్టకండి అని మాస్టారిని బతిమాలింది. మాస్టారు ఒక ముక్క తీసి వెలుతురుకు పెట్టి చూశాడు. పని బాగుందని ఒప్పుకున్నాడు. చిన్నకోడలిని యార్డులో ఉంచుకున్నారు. పెద్దకోడలు తన గుడ్డలూ డబ్బాలూ సర్దుకుని ఇంటికొచ్చేసింది. దారి పొడుగునా ఏడ్చింది తను కాదు, చిన్నకోడలు. పెద్దకోడలే ఆ పిల్ల వీపు నిమురుతూ వచ్చింది.

ఆ తరవాత ఆమెకు తన చేతుల మీద నమ్మకం పోయింది. పొయ్యి ఆర్పి వచ్చి మళ్ళీ వెళ్ళి చూసేది. కూరలో ఉప్పు వేశానా లేదా అని రుచి చూసి, ఆ రుచిని కూడా నమ్మక అత్తగారిని అడిగేది. అత్తగారికి మాత్ర ఇచ్చేముందు డబ్బా మీది పేరు పైకి చదివేది. వయసు మీద పడుతోంది, అంతేలే అని నవ్వేది గానీ, ఆ నవ్వు చూసినవాళ్ళకు బాధేసేది. భర్త ఆమెను కళ్ళ డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాడు. కళ్ళు శుభ్రంగా ఉన్నాయి అన్నాడు డాక్టరు. అయినా దగ్గరి చూపుకు ఉంటే మంచిదని భర్త పట్టుబట్టి ఒక జత అద్దాలు చేయించాడు. ఇంత శ్రద్ధ చూపించే మనిషి ఎక్కడ దొరుకుతాడని ఆమె కళ్ళు తుడుచుకుంది.

చిన్నకోడలు యార్డునుంచి రాగానే అక్క పక్కన కూర్చుని ఆ రోజు ముచ్చట్లన్నీ చెప్పేది. నాకొచ్చిన పనంతా నీ చలవే అనేది. పెద్దకోడలు ఆ మాటలు దాచుకుని మర్నాడంతా నెమరేసుకునేది. రెజిన్ వాసన కోసం ఆ పిల్ల విప్పిన పని చొక్కాను ఉతికేముందు ఒకసారి మొహానికి దగ్గరగా పెట్టుకునేదని ఎవరికీ తెలియదు.

ఒకరోజు పొద్దున్న ఆమె అత్తగారి ఒళ్ళు తుడుస్తోంది. తుంటి దగ్గర చెయ్యి తగిలితే నొప్పా అత్తయ్యా అని అడిగింది. లేదే, నయంగానే ఉంది అన్నదావిడ. ఆ రోజు ఫోన్ చేయించినప్పుడు ఎంత పడ్డారో, నేను వచ్చేసరికి నిద్రపోయారు గనక సరిపోయింది అన్నది పెద్దకోడలు, ఊరికే మాటవరసకు.

అత్తగారు ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఆ రోజు నాకు ఏ నొప్పీ లేదే" అన్నది. "వాడే మాత్ర మింగించి, కళ్ళు మూసుకో అమ్మా అన్నాడు. ముందురోజు సాయంత్రం వాడూ, చిన్నదీ ఇదిగో ఇక్కడే నిలబడి మాట్లాడుకున్నారు. మంచాన పడ్డదానికి చెవులు కూడా పోతాయనుకుంటారు కాబోలు. మూలకు పెట్టిన మైనం థిన్నర్‌లో తడిపిన గుడ్డతో తుడిచేస్తే చాలట. తడిగుడ్డతో గొంతు కోయడమంటే విన్నాను గానీ, ఇన్నేళ్ళొచ్చాక కళ్ళారా చూశాను."

పెద్దకోడలి చేతిలో గుడ్డలోంచి నీళ్ళు మంచం మీద కారుతున్నాయి. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడిగింది.

"నువ్వెళ్ళిపోతే నన్నెవరు చూస్తారే" అన్నది ముసలావిడ. మొహం గోడవైపు తిప్పుకుంది. "నా స్వార్థం నాది. నిన్న నువ్వు ఉప్పు చూడమని మూడోసారి గరిటె నా నోటి దగ్గర పెట్టావు. ఇక నావల్ల కాలేదు."

పెద్దకోడలు ఆవిడ ఒళ్ళు పూర్తిగా తుడిచింది. పొడిబట్ట కట్టింది. తలకింద దిండు సర్దింది. పక్కింటావిడను కాసేపు కూర్చోమని చెప్పి, బస్సెక్కి యార్డుకు వెళ్ళింది.

చిన్నకోడలు షెడ్డులో ఒక అచ్చు మీద వంగి ఉంది. పక్కనే డబ్బాలో రెజిన్. గుమ్మంలో అక్కను చూడగానే ఆ పిల్లకు అర్థమైపోయింది.

"గట్టిపడే మందు కలిపేశానక్కా" అన్నది మెల్లగా. "ఆపితే డబ్బాలోనే రాయైపోతుంది. ఇది పూసేసి వస్తాను."

పెద్దకోడలు గోడకానుకుని నిలబడింది. ఆ పిల్ల పొర పరుస్తుంటే, రోలర్ తిప్పుతుంటే చూస్తూ ఉంది. పని ఎక్కడా తప్పడం లేదు. ఎంత బాగా చేస్తోంది అన్న ముచ్చట ఆ క్షణంలోనూ ఆమెకు కలగకపోలేదు. అలా కలిగినందుకు ఆమెకు తన మీదే ఒళ్ళు మండింది.

పని ముగించి ఆ పిల్ల చేతితొడుగులు విప్పుకుంటూ వచ్చింది. దాచలేదు. ఆ మూల తుడిచేయమని బావగారే అడిగారని చెప్పింది. వద్దంటే నువ్వు బాధపడతావట, నీ అంతట నువ్వే మానుకుంటే ఇంట్లో గొడవుండదట, అమ్మకు నువ్వు తప్ప దిక్కులేదట. ఇంటికి పెద్ద, అంతలా అడిగితే కాదనలేకపోయానంది.

"అంతేనా?" అని అడిగింది పెద్దకోడలు.

ఆ పిల్ల తల దించుకుంది. "మనిద్దరిలో ఒక్కరినే ఉంచుకుంటారని అప్పుడు యార్డులో అనుకునేవారు. ఉంచుకుంటే నిన్నే ఉంచుకుంటారు. అది కూడా ఉందక్కా. లేదనను."

"నీ పని పోకూడదని నేను మాస్టారిని బతిమాలుతుంటే నువ్వు పక్కనే ఉన్నావు."

"ఉన్నాను."

"దారంతా ఏడ్చావు కదా. అది దేనికి?"

పెద్దకోడలు జవాబు కోసం ఆగలేదు.

భర్తను ఆమె వాచీల దుకాణంలోనే కలిసింది. ఆయన కంటికున్న భూతద్దం తీసి, ఆమె చెప్పిందంతా విన్నాడు. నేనేం పాపం చేశాను, ఇల్లు చీలకుండా చూశాను అన్నాడు, ఎప్పటిలాగే మెత్తగా. అమ్మ కోలుకుంటోంది, చిన్నదానికి పని దొరికింది, నిన్ను పల్లెత్తు మాట అనలేదు, ఎవరికేం నష్టం జరిగిందో చెప్పమన్నాడు.

"వద్దని ఒక్క మాట అనుంటే పోట్లాడేదాన్ని" అన్నది ఆమె. "ఓడిపోయుంటే ఓడిపోయేదాన్ని. నా చేతులైనా నాకు మిగిలేవి. మీరు నా మీద నాకే అనుమానం పుట్టించారు. అంతా తెలిసి, కళ్ళ డాక్టరు దగ్గర పక్కన కూర్చున్నారు."

ఆయన ఎదురుగా ఉన్న వాచీ తీసుకుని దాని వెనక మూత తుడవసాగాడు. ఆమె కళ్ళద్దాలు తీసి ఆ బల్ల మీద పెట్టేసి వచ్చింది.

మర్నాడు మాస్టారి దగ్గరకు వెళ్ళింది. జరిగింది చెబుతూ ఎక్కడా గొంతు పెంచలేదు. ఆయన గడ్డం గోక్కున్నాడు. ముక్కలు తిరగేసి చూసుంటే తెలిసేది, మైనం పెట్టకపోవడానికీ తుడిచేయడానికీ తేడా ఉంటుంది, నువ్వు తప్పు ఒప్పేసుకున్నావు గనక నాకూ తేలికైపోయింది అన్నాడు. కానీ ఆ పిల్లను తీసేయలేనన్నాడు. పనిమంతురాలు, చేతిలో సగమైన అచ్చులున్నాయి, ఇది మీ ఇంటి గొడవ అన్నాడు. నేను తీసేయమని అడగడానికి రాలేదు అన్నది పెద్దకోడలు. ఆ మాట నిజమే. అయినా, అడక్కుండానే ఆయన తీసేస్తానంటాడేమోనన్న ఆశ ఆమె మనసులో ఏ మూలో ఉన్నట్టు అప్పుడే తెలిసింది. అదీ పోయింది.

ఆమె అడిగింది వేరు. అదే పడవకు, విరిగిన నమూనా దగ్గరనుంచి అచ్చు దాకా అన్నీ మళ్ళీ తనొక్కతే చేస్తానంది. పొరలు కూడా తనే పరుస్తానంది. కొత్తగా చేరినవాళ్ళతోపాటు కూర్చుని చేసుకోమన్నాడు మాస్టారు.

ఇంట్లో ఆమె ఏం చెప్పలేదు. పొద్దున్నే లేచి అత్తగారికి కావలసినవి చూసి బయలుదేరేది. ఆ పైన తల్లిని చూసుకోవడం కొడుకు వంతైంది. దుకాణం మధ్యాహ్నం తెరవడం మొదలుపెట్టాడు. జావ అడిగితే జిగురు పెడుతున్నాడు, వాచీలకు పనికొస్తుందేమో చూడమని చెప్పు అని అత్తగారు పక్కింటావిడతో అనేది. పెద్దకోడలికి వినిపించేలానే అనేది. నవ్వు తెప్పించాలని ఆవిడ ప్రయత్నం. పెద్దకోడలు నవ్వేది కాదు. కానీ ఆవిడ ఒళ్ళు తుడిచే పని ఎవరికీ వదల్లేదు.

ఈసారి పని నత్తనడక నడిచింది. పుట్టీ రుద్ది, వేలు పెట్టి చూసి, మళ్ళీ రుద్దేది. మైనం పెట్టి తుడిచాక నమూనాను వదిలి టీకి వెళ్ళాలంటే భయమేసేది. కొత్తవాళ్ళలో బస్సు డ్రైవరుగా రిటైరైన పెద్దమనిషి ఒకాయన, పక్కనే కూర్చుని తినండమ్మా, మీ పడవ ఎక్కడికీ పోదు అని తన బల్లను కూడా అటు జరిపి తోడుగా కూర్చునేవాడు. ఆయనకు జరిగిన సంగతి తెలియదు. ఆమె చెప్పలేదు. పొరలు పరవడంలో ఆమెకు చిన్నకోడలంత నేర్పు లేదు. రోలర్ కింద బుడగలు మిగిలితే సూదితో గుచ్చి, మళ్ళీ తిప్పి, చెమటలు కక్కింది. షెడ్డు అవతలి కొసనుంచి చిన్నకోడలు చూస్తూ ఉండేది. ఒకసారి నాలుగడుగులు వేసి వచ్చి, రోలర్ అంత గట్టిగా నొక్కకూడదక్కా అన్నది. పెద్దకోడలు వినిపించుకోలేదు. ఆ పిల్ల వెళ్ళాక మాత్రం నొక్కడం తగ్గించింది. బుడగలు తగ్గాయి.

ఊడదీసే రోజు పెద్దగా ఎవరూ మూగలేదు. మాస్టారు కూడా ఫోన్‌లో ఉన్నాడు. ఆమె అంచు చుట్టూ చీలలు ఒక్కొక్కటే దించుకుంటూ వెళ్ళింది. వెనక మూల దగ్గర చెయ్యి ఆగింది. గాలి గొట్టం పెట్టి వదిలింది. లోపల ఎక్కడో టక్‌మని చిన్న చప్పుడు. తరవాత అచ్చంతా ఒక్కసారిగా ఊపిరి తీసుకున్నట్టు పైకి లేచింది. కుడి మూల అద్దంలా మెరుస్తూ బయటపడింది.

ఆమె మొహం విచ్చుకుంది. ఆ సంతోషంలో అలవాటుగా తలెత్తి ఎదుటి వైపు చూసింది. ఇన్ని నెలలు తను ఊహించుకుంటూ వచ్చిన ఈ క్షణంలో ఎప్పుడూ అచ్చుకు అవతలి చివర ఒక మనిషి ఉండేది. ఇప్పుడక్కడ ఖాళీ. కొంచెం దూరంలో, రోలర్ చేత్తో పట్టుకుని చిన్నకోడలు నిలబడి ఉంది. ఆ పిల్ల కళ్ళు తడిసి ఉన్నాయి. సాయం పట్టడానికి రెండడుగులు ముందుకు వేసింది కూడా.

"డ్రైవరుగారూ, ఆ చివర కాస్త పట్టుకుంటారా?" అన్నది పెద్దకోడలు.

ఆయన వచ్చి పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి అచ్చును ఎత్తి పక్కన పెట్టారు. మాస్టారు వచ్చి మూలల్లో వెలుతురు వేసి చూసి, సోమవారం నుంచి పనికి రమ్మన్నాడు. ఆమె సరేనన్నది. చేతులు కడుక్కుని, మైనం డబ్బా మూత బిగించి, సంచి తగిలించుకుంది.

సాయంత్రం ఇద్దరూ ఒకే బస్సెక్కారు, ఇల్లొకటే కాబట్టి. చిన్నకోడలు కిటికీ పక్కన కూర్చుని, పక్క సీటు మీద సంచి పెట్టి ఉంచింది. పెద్దకోడలు రాగానే ఆ సంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. పెద్దకోడలు ఆ సీటు దాటి ముందుకెళ్ళి, కమ్మీ పట్టుకుని, ఇల్లు వచ్చేదాకా నిలబడే ఉంది.